చిరుత దైవమట, దాని తోలే రాజుగారి ఒంటి మీదట. ఇదెక్కడి భక్తి?

సందేహాలపుట్ట
మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. "ఆఫ్రికా ప్రజలు జంతువుల్ని దేవుళ్ళలా కొలుస్తారు, అడవిని అమ్మలా చూసుకుంటారు, మనమే అన్నీ మర్చిపోయాం" అని, కింద సింహం ఫొటో, దాని కింద రెండు చేతుల దండం. బాగుంది అనుకుని ఊరుకునేవాడినే, కానీ అదే వారం బెనిన్ రాజ్యం వాళ్ళ ఏనుగుదంతపు చిరుతల జంట ఫొటో ఒకటి చూశా. ఒక్కో చిరుతని ఐదేసి దంతాలతో చెక్కారట, ఒంటి మీద మచ్చలకి రాగి బిళ్ళలు పొదిగారు. రెండిటికీ కలిపి పది దంతాలు, అంటే తక్కువలో తక్కువ ఐదు ఏనుగులు పోయినట్టే కదా. పైగా అక్కడి దొరలు చిరుత పళ్ళు ఊడబెరికి దండ గుచ్చి మెళ్ళో వేసుకునేవాళ్ళట, తోలు కప్పుకునేవాళ్ళట. అంత గౌరవం ఉన్నవాళ్ళు చేసే పనేనా ఇది? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకో ఫార్వర్డ్ మాత్రం పంపొద్దు, ప్లీజ్.

చింతచెట్టుకింద
పులితోలు కట్టుకున్న శివుడికి తరతరాలుగా మొక్కుతున్నాం, ఆ పులి సంగతి ఎవరైనా అడిగామా? ఊరికే అన్నా, కానివ్వండి.

అక్రా_రావు
ముందు ఆ "ఆఫ్రికా ప్రజలు" అన్నదాన్ని పక్కన పెట్టండి సార్. 54 దేశాలు. ఒక ఊళ్ళో దేవుడి సొత్తు అయిన జంతువు పక్క ఊళ్ళో కూరలోకి పోతుంది, ఇద్దరికీ దాంట్లో వింతేమీ కనపడదు.

నేను ఘానాలో ఉంటున్నా. ఇక్కడ న్కొరాన్జా దగ్గర బోఅబెంగ్, ఫియెమా అని ఆనుకునున్న జంట ఊళ్ళు ఉన్నాయి. అక్కడ కోతుల్ని చంపరు. కొలబస్ కోతులు నల్లగా, పొడుగాటి తెల్లతోకతో చెట్ల పైన ఉంటాయి, కిందకి దిగడం తక్కువ. మోనా కోతులు మాత్రం ఊళ్ళోనే మకాం. మేం వెళ్ళినప్పుడు ఒకావిడ పొయ్యి ముందు కూచుని ఉంటే, వెనకనుంచి ఒకటి వచ్చి గిన్నె మూత పక్కకి జరిపి ఉడికిన కంద ముక్క ఎత్తుకుపోయింది. ఆవిడ తిట్టింది, కర్ర కూడా ఎత్తింది, కొట్టలేదు. ఊరి పక్క అడవిలో కోతులకి శ్మశానం ఉంది. చచ్చిపోయిన కోతిని గుడ్డ చుట్టి పాతిపెట్టి చిన్న బోర్డు పెడతారు, ఏ జాతి, ఆడో మగో, ఎప్పుడు పోయిందో రాసి. ఆ చోటే పూజారుల సమాధులు కూడా ఉన్నాయి.

ఇదంతా హాయిగా సాగిపోయిన కథ కూడా కాదు. 1970ల్లో ఒక చర్చికి చెందినవాళ్ళు ఇదంతా మూఢనమ్మకం అంటూ కోతుల్ని చంపడం మొదలెట్టారు. ఊరి పెద్దలు ప్రభుత్వం దగ్గరికి వెళ్ళి వాటిని చంపకూడదని స్థానిక చట్టం చేయించుకున్నారు. అప్పటిదాకా దేవుడి కట్టుబాటు సరిపోయింది, అప్పట్నుంచి కాగితం కూడా కావాల్సొచ్చింది. ఇంకోటి, అక్కడ కోతులంటే ఎవరికీ ముద్దేమీ లేదు. అవి ఊరి దేవుడి పిల్లలు, వాటికి చెడు చేస్తే తమకి చెడు జరుగుతుందన్న భయం. ఆ ఫార్వర్డ్‌లో ఈ భయం ఉండదు.

పెన్నేటి_పోరగాడు
కోతి శ్మశానంలో బోర్డులా. మా ఊళ్ళో మనుషులకే లేవు.

లాగోస్_వదిన
@సందేహాలపుట్ట మీ చిరుతల సంగతికొస్తా. ఇది బెనిన్ అనే దేశం కాదు, నైజీరియాలోని బెనిన్ సిటీ, ఎడో వాళ్ళ రాజ్యం. చాలామంది కలిపేస్తారు.

ఎడో వాళ్ళ లెక్కలో అడవికి రాజు చిరుత, ఊరికి రాజు ఓబా. రాజుని పొగిడేటప్పుడు ఇంటి చిరుత అంటారు. చిరుతలో వాళ్ళకి నచ్చింది సాధుగుణం కాదు, చంపగల శక్తి ఉండీ పద్ధతిగా, నిమ్మళంగా ఉండటం. మనిషి ప్రాణం తీసే హక్కు రాజ్యంలో ఓబాకి ఒక్కడికే ఉండేది కాబట్టి ఇద్దరికీ జత కుదిరింది. చిరుతల్ని ప్రాణాలతో పట్టుకొచ్చి కోటలో పెంచేవాళ్ళు, దానికి వేరే వేటగాళ్ళ వర్గమే ఉండేది. ఏటా జరిగే పెద్ద క్రతువుల్లో ఓబా చిరుతని బలి ఇచ్చేవాడు. అడవిరాజు మీద కూడా నాదే పైచేయి అని నలుగురికీ చూపించడం అది. పళ్ళ దండలు, చిరుత మొహం ఉన్న కంచు బిళ్ళలు సేనానులకీ దొరలకీ ఓబా ఇచ్చిన అధికారానికి గుర్తు. ఎవడు పడితే వాడు వేసుకోవడానికి లేదు.

ఏనుగుల సంగతీ అంతే. రాజ్యంలో ఎక్కడ ఏనుగుని కొట్టినా ఒక దంతం ఓబాకి చెల్లించాలి, రెండోది కొనుక్కునే మొదటి హక్కు కూడా ఆయనదే. మీరు ఐదు ఏనుగుల లెక్క చెప్పి బాధపడ్డారు, ఆ బొమ్మలు చేయించినవాళ్ళు ఆ లెక్క మీకు తెలియాలనే చేయించారు.

1897లో బ్రిటిష్ సైన్యం ఊరు తగలబెట్టి వేలకొద్దీ కంచు, దంతం వస్తువులు పట్టుకుపోయింది. ఆ చిరుతల జంట విక్టోరియా రాణికి వెళ్ళింది. భక్తి ఎవరిదని అడిగేముందు అవి లండన్‌లో ఎందుకున్నాయని కూడా అడగొచ్చు.

సందేహాలపుట్ట
వదినగారూ, బలి కూడా ఇచ్చేవాళ్ళంటే నా సందేహం పెరిగిందే కానీ తగ్గలేదు. అయితే అది అధికారం, భక్తి కాదు అంటారా?

లాగోస్_వదిన
రెండూ వేరు చెయ్యాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు. మనకే కావాలి.

లాజిక్_లక్ష్మణ్
నా మాట ఎవరికీ నచ్చదు కానీ చెప్తా. జంతువుల మీద గౌరవం అని మనం ఇప్పుడు మురిసిపోయే వాటిలో సగం వెనక మామూలు కారణాలుంటాయి. బుర్కినా ఫాసోలో బజులే అనే ఊళ్ళో మొసళ్ళ పక్కన కూచుని ఫొటోలు దిగుతారు, పిల్లలు అదే చెరువులో ఆడతారు, తాతల కాలంలో కరువొస్తే మొసళ్ళే నీళ్ళు చూపించాయని కథ, అందుకని చచ్చిపోయిన మొసలికి అంత్యక్రియలు. భలే. కానీ అది నైలు మొసలి కాదు. పశ్చిమాఫ్రికా మొసలి వేరే జాతి అని 2011లో డీఎన్ఏ పరీక్షలతో తేల్చారు. దానిది కాస్త నెమ్మదైన స్వభావం. తమాషా ఏంటంటే, పరీక్షించిన ఈజిప్టు మొసలి మమ్మీలు కూడా ఆ జాతివే. రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు, ఈజిప్టులో కొన్నిచోట్ల మొసలిని మచ్చిక చేసి చెవులకి బంగారు పోగులు, ముందుకాళ్ళకి కడియాలు పెట్టేవాళ్ళని. కరవని రకాన్ని చూసుకుని పెట్టారన్నమాట పోగులు. మాంచి తెలివైన భక్తి.

మట్టిబొమ్మ
కరవని రకం అని తెలుసుకోవాలంటే ఎన్ని తరాలు పక్కన కూచుని చూసుండాలి లక్ష్మణ్? అది గౌరవం కాదంటే ఇంకేది? పైగా నెమ్మదైనదే అయినా మొసలి మొసలే, మీరు వెళ్ళి తోక పట్టుకోండి చూద్దాం.

లాజిక్_లక్ష్మణ్
నేను పట్టుకోను. నాకు భక్తి లేదు కదా.

అమరావతి_అబ్బాయి
ఈజిప్టు మాట వచ్చింది కాబట్టి: బస్తెత్ దేవతకి పిల్లులు, థోత్‌కి కంకణాయి కొంగల్లాంటి ఐబిస్ పక్షులు. మొక్కు తీర్చుకోడానికి భక్తులు మమ్మీ కొని గుడికి ఇచ్చేవాళ్ళు, దానికోసం లక్షల్లో పెంచి మెడ విరిచి చంపేవాళ్ళు. మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు ఎనిమిది వందలకి పైగా జంతు మమ్మీల్ని స్కాన్ చేసి 2015లో చెప్పారు, దాదాపు మూడోవంతు వాటిల్లో జంతువే లేదు. మట్టి, పుల్లలు, ఈకలు, గుడ్డు పెంకులు.

పెన్నేటి_పోరగాడు
అప్పుడే కల్తీ 😂

డర్బన్_కోడలు
ఈజిప్టుని ఇక్కడ కలపొద్దు బాబూ, అదొక పెద్ద సముద్రం, మళ్ళీ బయటికి రాలేం.

అమరావతి_అబ్బాయి
ఈజిప్టు ఆఫ్రికాలో లేదా మేడం? మ్యాపు మార్చారా?

డర్బన్_కోడలు
ఉంది నాయనా, ఉంది. వేరే థ్రెడ్ పెట్టుకో, అక్కడ కొట్టుకుందాం.

నేను చెప్పాలనుకున్నది ఏంటంటే, అన్ని జంతువులకీ దండాలే పెడతారన్న భ్రమ కూడా వద్దు. ఇక్కడ దక్షిణాఫ్రికాలో జులూ వాళ్ళ పాత కథ ఒకటుంది. మనుషులకి చావు లేదు అని చెప్పి రమ్మని దేవుడు ఊసరవెల్లిని పంపాడట, అది దారిలో పళ్ళు తింటూ ఆలస్యం చేసిందట, ఈలోపు వెనకనుంచి బల్లి పరిగెత్తుకొచ్చి మనుషులు చచ్చిపోతారు అన్న కబురు చెప్పేసింది. ముందొచ్చిన కబురే ఖాయమైంది. అప్పట్నుంచి ఊసరవెల్లిని చూస్తే చాలామందికి పడదు. మా ఇంట్లో పనికి సాయంగా వచ్చే పెద్దావిడ మా పెరట్లో జామచెట్టు మీద ఒకటి కనపడితే ఆ రోజు బట్టలు అటువైపు ఆరెయ్యలేదు. మడగాస్కర్‌లో ఇంద్రి అనే లెమూర్‌ని (కోతికి దూరపు చుట్టం) చాలా ఊళ్ళలో చంపరు, పూర్వీకుడి బంధువని. అదే దీవిలో అయ్-అయ్ అనే ఇంకో లెమూర్ కనిపిస్తే కొన్నిచోట్ల అపశకునమని కొట్టి చంపుతారు. రెండూ నమ్మకమే, ఒకటి బతికిస్తుంది, ఒకటి చంపుతుంది.

చింతచెట్టుకింద
ఊసరవెల్లికి రాజకీయ నాయకులతో పోలిక వల్ల చెడ్డపేరు అనుకున్నా, ఇంత పాత కేసా.

గాబరోన్_గిరి
పైన మట్టిబొమ్మ గారు, లక్ష్మణ్ గారు వాదించుకుంటున్న దానికి మా వైపు నుంచి ఇంకో ముడి వేస్తా. బోట్స్వానాలో, పక్కనే జింబాబ్వేలో, ప్రతి కుటుంబానికీ వంశానికి చెందిన ఒక జంతువు ఉంటుంది. షోనా వాళ్ళలో సింహం, కోతి, ఏనుగు, జీబ్రా, చేప, ఇలా. దాన్ని చంపరు, తినరు, తింటే పళ్ళు ఊడతాయంటారు. ఒకే జంతువు వాళ్ళు పెళ్ళి చేసుకోరు, ఇది మనవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఆఫీసులో ఎకౌంట్స్ చూసే జింబాబ్వే ఆయనది గుండె వంశం, మోయో అంటారు, ఏ జంతువు గుండె అయినా ముట్టడు. ఎవరైనా ఆయనకి సాయం చేసినా, ఆయనే ఎవరికైనా చేసినా, థాంక్యూ బదులు వంశం పేరు పెట్టి పిలవడం మర్యాద. "షుంబా" అని ఒక సన్నగా పీలగా ఉండే కుర్రాణ్ణి పిలుస్తుంటే నేను మొదట్లో ఎగతాళి అనుకునేవాణ్ణి. సింహం వంశం వాడు మరి.

ఇప్పుడు కొత్తగా ఒక ప్రచారం మొదలైంది, ఇదంతా మా పూర్వీకులు వన్యప్రాణుల్ని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అని. నాకు నమ్మకం లేదు. ఇలాండ్ అని పెద్ద దుప్పి ఉంటుంది, ఆ వంశం వాడు ఇలాండ్ తినడు, పక్కింటి జీబ్రా వంశం వాడు శుభ్రంగా తింటాడు, ఇతను అభ్యంతరం చెప్పడు. అది జంతువుకి రక్షణ కాదు, బంధుత్వం ఎవరిదో వాళ్ళకే. పైగా బంధువు మారొచ్చు కూడా. బంగ్వాటో వాళ్ళు ఇక్కడ పెద్ద తెగ, మొదట మొసలి వంశమైన బక్వేనా నుంచి విడిపోయినవాళ్ళు. వాళ్ళ రాజొకడు శత్రువులకి దొరక్కుండా పొదలో దాక్కుంటే ఆ పొదలోంచి డైకర్ అనే చిన్న దుప్పి బయటికి వచ్చిందట, దుప్పి ఉన్నచోట మనిషి ఉండడని వెతికేవాళ్ళు వెళ్ళిపోయారు. అంతే, మొసలి పోయి దుప్పి వచ్చింది. చేసిన మేలుకి చుట్టరికం కలుపుకున్నారు.

లాజిక్_లక్ష్మణ్
గిరి గారితో పూర్తిగా ఏకీభవిస్తా, పైన ఎవరూ నాతో ఏకీభవించకపోయినా.

మట్టిబొమ్మ
నేను శిల్పం చదివినదాన్ని కాబట్టి బొమ్మల వైపు నుంచి ఒకటి. మాలిలో బమనా వాళ్ళు నెత్తిన పెట్టుకుని ఆడే చెక్క బొమ్మ, చి-వారా. మన ఇంటీరియర్ షాపుల్లో కూడా నకళ్ళు దొరుకుతున్నాయి, నల్లటి చెక్క, పైకి లేచిన పొడుగు కొమ్ములు, మెడ మీద జూలు ఖాళీలు ఖాళీలుగా వంకీలు తిప్పి చెక్కి ఉంటుంది. అందరూ జింక అంటారు. కాస్త ఆగి చూడండి. కొమ్ములు జింకవే. కానీ కొన్నిటిలో ఒళ్ళు కురచగా, కాళ్ళు పొట్టిగా, నేలకి అతుక్కున్నట్టు ఉంటుంది, అది నేల తవ్వే ఆర్డ్‌వార్క్. కొన్నిటిలో అలుగు కూడా కలుస్తుంది. మనిషికి సేద్యం నేర్పింది చి-వారా అని వాళ్ళ కథ. గోళ్ళతో, కొమ్ములతో నేల గీరి గింజ నాటడం చూపించిందట. తర్వాత మనుషులు పండినది పాడుచేస్తూ బద్ధకిస్తే అది నేలలోకి పోయిందట, దాన్ని తలుచుకోడానికే ఈ తలకట్టు.

ఆడదీ మగదీ ఎప్పుడూ జంటగా ఆడతాయి, ఆడదాని వీపు మీద పిల్ల ఉంటుంది. చెక్క బొమ్మని అల్లిన బుట్టటోపీకి కట్టి నెత్తిన పెట్టుకుంటారు, దాన్నుంచి కిందకి నల్లమట్టి రంగు వేసిన నార వేలాడుతూ మనిషి కనపడకుండా కప్పేస్తుంది. ఆడేవాడు చేతిలో రెండు కర్రలు పట్టుకుని నడుం వంచి జంతువులా నేల గీరుతాడు, అప్పుడు ఆ కొమ్ములు దుక్కి మీద ఊగుతాయి. మంచి కష్టజీవి అయిన రైతుకే ఆ గౌరవం. మ్యూజియంలో టోపీ ఉండదు, నార ఉండదు, చెమట ఉండదు, గాజుపెట్టెలో నిటారుగా చెక్క ముక్క. అసలు వస్తువులో అది నాలుగోవంతు కూడా కాదు. వదినగారు లండన్ గురించి అన్నది నాకు అందుకే నచ్చింది.

పెన్నేటి_పోరగాడు
మా బావ డ్రాయింగ్ రూమ్‌లో ఉంది అది. కొమ్ములకి ఇయర్‌ఫోన్లు తగిలిస్తాడు.

మట్టిబొమ్మ
దేవుడా.

కోటనౌ_కుమార్
వదినగారు నైజీరియా బెనిన్ చెప్పారు, నేను బెనిన్ దేశంలోనే ఉన్నా, కోటనౌలో. దగ్గర్లో ఉయిదా అనే ఊళ్ళో కొండచిలువల గుడి ఉంది, సరిగ్గా దానికి ఎదురుగా పెద్ద చర్చి. గుడి అంటే గొప్ప కట్టడం అనుకోకండి, గుండ్రటి చిన్న గది, లోపల పదుల సంఖ్యలో పాములు ఒకదాని మీద ఒకటి. విషం లేని చిన్న రకం. గైడ్ తీసి మెళ్ళో వేశాడు. చల్లగా, పొడిగా ఉంది, జారిపోతుందేమో అని నేను గట్టిగా పట్టుకుంటే తల నా చొక్కా జేబులోకి పెట్టింది. అప్పుడప్పుడూ వాటిని మేతకి బయటికి వదులుతారు, ఇళ్ళల్లోకి దూరితే ఇంటివాళ్ళు మర్యాదగా తెచ్చి అప్పజెప్తారు.

ఫొటోకి డబ్బులు తీసుకున్నారు, అది వేరే సంగతి. అసలు నాకు మింగుడుపడనిది ఇంకోటి. ఇదే జాతి పాముల్ని ఇదే దేశం నుంచి, పక్కన టోగో, ఘానాల నుంచి, అమెరికా యూరప్‌లకి పెంపుడు జంతువులుగా వేలకొద్దీ ఎగుమతి చేస్తారు.

అక్రా_రావు
కుమార్ గారూ, గిరి గారు చెప్పిందే ఇక్కడ కూడా. పాము దైవం ఉయిదా వాళ్ళకి. పట్టి అమ్మేవాడిది ఇంకో ఊరు, ఇంకో కులదైవం.

డర్బన్_కోడలు
తోలు విషయానికి ఇక్కడ ఒక దారి దొరికింది. మా దగ్గర షెంబే అనే పెద్ద చర్చి ఉంది, జులూ ఆచారాలు, క్రైస్తవం కలిసినది. పండగ నాట్యాల్లో మగవాళ్ళు వేలమంది భుజాల మీద చిరుతతోలు వేసుకుంటారు. అన్ని చిరుతలు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకని 2013 నుంచి పాంథెరా అనే సంస్థ వాళ్ళు చర్చితో మాట్లాడి అచ్చు అలాగే ఉండే నకిలీ తోళ్ళు ఉచితంగా ఇవ్వడం మొదలెట్టారు. చాలామంది మారారు. నకిలీది ఉతుక్కోవచ్చు, పురుగు పట్టదు. అసలుది ఉంటేనే పరువు అనుకునే పెద్దలు ఇంకా ఉన్నారు.

లుసాకా_లచ్చి
ఇదే పని జాంబియాలో లోజీ వాళ్ళతో కూడా చేస్తున్నారు. లోజీ అంటే గుర్తొచ్చింది, జాంబెజి వరదలప్పుడు వాళ్ళ రాజు లియలుయి నుంచి మెరకనున్న లిములుంగాకి పడవలో తరలి వెళ్ళే పండగ కుఓంబోకా. నల్లచారలు తెల్లచారల పెద్ద పడవ, పైకప్పు మీద ఇంతెత్తు నల్ల ఏనుగు బొమ్మ. లోపలనుంచి ఆడిస్తే దాని చెవులు ఊగుతాయి. నేను చూసినప్పుడు ఒక చెవి కాసేపు ఇరుక్కుపోయింది, ఒడ్డున జనం అంతా ఏనుగుకి నిద్రొచ్చిందని కేకలు. అయినా రాజు పడవ వస్తుంటే మోకాళ్ళ మీద కూచున్న ముసలాళ్ళు లేవలేదు.

పాతరాయి
ఇంతసేపు చదివా, ఇలాండ్ అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. సందేహాలపుట్ట గారి ప్రశ్నకి నా లెక్కలో ఇదే దగ్గరి సమాధానం.

దక్షిణాఫ్రికా డ్రాకెన్స్‌బర్గ్ కొండల్లో శాన్ ప్రజలు వేసిన రాతిబొమ్మలు వేలల్లో ఉన్నాయి. వాళ్ళు ఎక్కువ శ్రద్ధపెట్టి వేసిన జంతువు ఇలాండ్, మన కణుజు కంటే చాలా పెద్దది, మెడ కింద గంగడోలు ఉంటుంది. కాంబర్గ్ దగ్గర గేమ్ పాస్ అనే రాతిచూరు కింద ఒక బొమ్మ ఉంది. ఇలాండ్ తల వాల్చేసింది, వెనక కాళ్ళు ఒకదాని మీద ఒకటి పడి తూలుతోంది, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. దాని తోక పట్టుకుని ఒక మనిషి. ఆ మనిషి కాళ్ళు కూడా అచ్చం అలాగే ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, పాదాలు ఉండాల్సినచోట గిట్టలు. విషబాణం తగిలి చస్తున్న జంతువు, పూనకంలో వైద్యం చేసే మనిషి, ఇద్దరిదీ ఒకటే స్థితి అని రాతిబొమ్మల పరిశోధకుడు డేవిడ్ లూయిస్-విలియమ్స్ వివరించాడు. పూనకంతో అన్ని బొమ్మల్నీ ముడిపెట్టడం అతి అని వాదించే పండితులూ ఉన్నారు, అది వేరే గొడవ.

వాళ్ళ కథల్లో మిడతలాంటి గొల్లభామ పురుగు రూపంలో తిరిగే ఒక చిలిపి దేవుడున్నాడు. అల్లుడి చెప్పు దొంగిలించి నీళ్ళల్లో వేసి దాన్నుంచి ఇలాండ్‌ని పెంచాడు, ఒళ్ళంతా తేనె రాసి నిమిరేవాడు. ఇంట్లోవాళ్ళు దాన్ని చంపేస్తే ఏడ్చాడు. ఆయన ఏడ్చినా శాన్ వాళ్ళు ఇలాండ్‌ని వేటాడారు, తిన్నారు, ఆ కొవ్వంటే ప్రాణం. కానీ వేటకి నియమాలున్నాయి. 1870లలో కేప్‌టౌన్‌లో బ్లీక్, లూసీ లాయిడ్ అనే ఇద్దరు వాళ్ళ మాటలు రాసిపెట్టారు. ఇలాండ్‌కి బాణం వేసినవాడు పరిగెత్తకూడదు. తానే దెబ్బతిన్నట్టు మెల్లగా, కుంటుతూ గూడేనికి రావాలి. వచ్చి గొప్పలు చెప్పకూడదు, విడిగా కూచోవాలి, పెద్దాయన ఎవరో వచ్చి అడగాలి. ఇతను చురుగ్గా ఉంటే అక్కడ జంతువు కూడా చురుగ్గా లేచి పారిపోతుందని.

చింతచెట్టుకింద
చెప్పు పారేసుకున్న ఆ అల్లుడి పరిస్థితి ఏంటో.

లాజిక్_లక్ష్మణ్
పాతరాయి గారూ, విషం ఎక్కడానికి గంటలు పడుతుంది కదా, వెంటపడి పరిగెత్తితే జంతువు బెదిరి దూరం పోతుంది. ఇది కూడా వేట టెక్నిక్కే.

పాతరాయి
అవును, టెక్నిక్కే. వెంటపడకపోవడం వరకు. గూడేనికి వచ్చాక కూడా కుంటడం ఏ టెక్నిక్కో చెప్పండి.

సందేహాలపుట్ట
కుంటుతూ రావడం దగ్గర ఆగిపోయా నేను. ఫ్యామిలీ గ్రూపులో ఇదంతా పెడితే మా పెదనాన్న నన్ను తీసేస్తాడు, అయినా పెడతా. రావు గారూ, డిసెంబర్‌లో ఆఫీసు పని మీద అక్రా వస్తున్నా. ఆ కోతుల ఊరికి ఒక్కరోజులో వెళ్ళి రావొచ్చా?

అక్రా_రావు
ఒక్కరోజులో కాదు, రాత్రి టెకిమన్‌లో పడుకోండి. అక్కడిదాకా బస్సు, పొద్దున్నే న్కొరాన్జా మీదుగా ట్రోట్రో, అంటే ఇక్కడి షేర్ వ్యాన్, దొరుకుతుంది. మోనాలు తెల్లారగట్ల, సాయంత్రం ఊళ్ళోకి ఎక్కువ వస్తాయి. గైడ్ అరటిపండు మీ చేతికిస్తాడు, బ్యాగ్ జిప్ మాత్రం ముందే వేసుకోండి.

పెన్నేటి_పోరగాడు
కళ్ళజోడు కూడా జాగ్రత్త అన్నా. తిరుమల అనుభవం.